ఆనకట్ట తీసేస్తే నది తిరిగి వస్తుందా? సూరత్ దగ్గర తాపీ నది కథ

సూరత్‌లో మీకు బంధువులెవరైనా ఉంటే సింగణపోర్ కాజ్‌వే పేరు వినే ఉంటారు. కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి మరమగ్గాల పనికి వెళ్లి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఆ నగరంలో చాలా ఉన్నాయి. లింబాయత్, ఉధనా ప్రాంతాల్లో తెలుగు మాట మామూలుగా వినిపిస్తుంది. నగరపాలక ప్రాథమిక పాఠశాలల్లో తెలుగు మాధ్యమం కూడా ఉంది. ఈ నగరం తాగే నీరు తాపీ నదిది. ఆ నీటిని పట్టి ఉంచేది సింగణపోర్, రాందేర్‌ల మధ్య 1995లో కట్టిన అడ్డుకట్ట. దాని మీద రోడ్డు ఉంది కాబట్టి జనం దాన్ని కాజ్‌వే అంటారు.

ఈసారి ఆ కాజ్‌వే మీద నిలబడితే రెండు వైపులా చూడండి. ఎగువన నిండుకుండలా తియ్యటి నీరు, దాని మీద అక్కడక్కడ గుర్రపుడెక్క. దిగువన వేరే ప్రపంచం. సముద్రపు పోటు వచ్చినప్పుడు ఉప్పునీరు, పాటు తీసినప్పుడు బురద మేటలు. ఒకే నది, మధ్యలో ఒక గోడ. ఉప్పునీటిని పైకి రాకుండా ఆపడమే ఆ గోడ పని. ఆ పని అది చక్కగా చేస్తోంది. కాని ఆ గోడ ఉప్పునీటిని మాత్రమే ఆపుతోందా? నది నోటి నుంచి పైకి రావలసినవి, పై నుంచి కిందికి పోవలసినవి ఇంకా ఉన్నాయి. వాటి సంగతి, అలాంటి గోడలను కొన్ని దేశాలు ఎందుకు కూలదోస్తున్నాయన్న సంగతి, అది మనకు ఎంతవరకు పనికి వస్తుందన్న సంగతి ఈ పాఠంలో చూద్దాం.

పులస ఎందుకు ఎదురీదుతుంది?

గోదావరి జిల్లాల వారికి పులసను పరిచయం చెయ్యనక్కర లేదు. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న సామెత వాళ్లదే. సముద్రంలో ఉన్నప్పుడు దాన్ని ఇలస అంటారు. జూలైలో గోదావరికి ఎర్రనీరు రాగానే ఆ ఇలస నదిలోకి ఎక్కి, ఏటికి ఎదురీది పులస అవుతుంది. శాస్త్రజ్ఞులు దీన్ని టెన్యులోసా ఇలీషా అంటారు. బెంగాలీలు ఇలిష్ అంటారు. గుజరాత్ తీరంలో చాక్సీ అన్న పేరుంది. పేర్లు ఎన్ని ఉన్నా చేప ఒక్కటే.

ఇది పెరిగేది ఉప్పునీటిలో, గుడ్లు పెట్టేది మంచినీటిలో. ఒక్క తల్లిచేప లక్షల కొద్దీ గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు పారే నీటిలో తేలుతూ, మునుగుతూ సుమారు ఒక రోజులోనే పిల్లలవుతాయి. పిల్లలు కొన్ని నెలలు నదిలోనే మేత మేసి, వేసవి ముదిరేలోగా సముద్రానికి దిగిపోతాయి. అంటే ఈ చేపకు నది రెండుసార్లు తెరిచి ఉండాలి: వరద రోజుల్లో తల్లి ఎక్కడానికి ఒకసారి, ఆ తరువాత పిల్లలు దిగడానికి మరొకసారి. మనం సాధారణంగా మొదటిదాన్ని మాత్రమే ఆలోచిస్తాం. తల్లి ఎలాగో ఎక్కిందే అనుకుందాం, మాఘ ఫాల్గుణాల్లో గేట్లన్నీ మూసి చుక్క నీరు కిందికి వదలకపోతే పిల్లలు ఎటు పోవాలి?

నీలకంఠ రొయ్యది దీనికి తలకిందులైన దారి. పెద్ద రొయ్య మంచినీటిలో ఉంటుంది. గుడ్లతో ఉన్న తల్లి ఉప్పు కలిసిన నీటి దగ్గరికి దిగుతుంది. పిల్లలు మళ్లీ నది ఎక్కుతాయి. దానికీ అదే గోడ అడ్డం.

పశ్చిమ తీరంలో నర్మద, తాపీ రెండూ ఈ చేప ఎక్కే నదులుగా మత్స్యశాస్త్ర గ్రంథాల్లో నమోదయ్యాయి. నర్మదలో అది ఎలా గుడ్లు పెడుతుంది, పిల్లలు ఎలా ఉంటాయి అన్న విషయాల మీద 1950లోనే సి. వి. కులకర్ణి పరిశోధన వెలువడింది. తాపీ మీద మొదటి పెద్ద కట్టడం వచ్చేది ఆ తరువాతనే.

తాపీ మీద మూడు అడ్డుకట్టలు

తాపీ మధ్యప్రదేశ్‌లోని బైతూల్ జిల్లా ముల్తాయీ దగ్గర పుట్టి, మహారాష్ట్ర మీదుగా గుజరాత్‌లో ప్రవేశించి, 724 కిలోమీటర్లు పారి సూరత్ దాటాక సముద్రంలో కలుస్తుంది. మన నదులు చాలావరకు తూర్పుకు పారితే ఇది పడమరకు పారుతుంది. గుజరాత్‌లో దీని మీద ముఖ్యమైన కట్టడాలు మూడు. 1954లో కాక్రాపార్ ఆనకట్ట, 1972లో ఉకాయ్ ఆనకట్ట, 1995లో సింగణపోర్ కాజ్‌వే.

ఉకాయ్ చాలా పెద్దది. ఎత్తు సుమారు 80 మీటర్లు. దాని జలాశయానికి వల్లభ్ సాగర్ అని పేరు. విద్యుత్తు, సాగునీరు, వరద నియంత్రణ మూడూ దాని మీదనే ఆధారపడి ఉన్నాయి. దాని కింద వందకు పైగా ఊళ్లు మునిగాయి, అక్కడి ఆదివాసులు నిర్వాసితులయ్యారు. ఇప్పుడు వారిలో కొందరు ఆ జలాశయంలోనే చేపలు పట్టుకుని బతుకుతున్నారు. కాబట్టి ఆనకట్ట అనగానే చేపలకు చేటు అని ఒక్క మాటలో తేల్చడం కుదరదు. జలాశయంలో బొచ్చె, శీలావతి వంటి చేపలు బాగానే పెరుగుతాయి. నష్టపోయేది వలస చేప, దాన్ని నమ్ముకున్న దిగువ జాలరి. ఒకరికి వచ్చిన లాభం ఇంకొకరికి జరిగిన నష్టాన్ని పూడ్చదు. ఎందుకంటే ఆ ఇద్దరూ ఒక ఊరివారు కారు.

ఉకాయ్‌కి సుమారు 29 కిలోమీటర్ల దిగువన ఉన్న కాక్రాపార్ నుంచి రెండు వైపులా కాలువలు బయలుదేరుతాయి. సూరత్ జిల్లా చెరకు తోటలకు ఆ నీరే ఆధారం. అణువిద్యుత్ కేంద్రం కూడా అక్కడే ఉంది. ఇక సింగణపోర్ సముద్రానికి అన్నిటికంటే దగ్గరిది, ఎత్తులో అన్నిటికంటే చిన్నది. చేప వైపు నుంచి చూస్తే మాత్రం అదే అన్నిటికంటే పెద్దది. సముద్రం నుంచి వచ్చే చేపకు ముందు తగిలేది అదే కదా. దాన్ని దాటలేకపోతే కాక్రాపార్ ఎంత ఎత్తున్నా, ఉకాయ్ ఎంత ఎత్తున్నా దానికి ఒకటే.

కాజ్‌వేకి దిగువన ఇంకొక మార్పు జరిగింది. ఖంభాత్ సింధుశాఖలో పోటుపాట్లు మన దేశంలోకెల్లా ఎత్తయిన వాటిలో లెక్క. పోటు వేగంగా వచ్చేటప్పుడు ఒండ్రును తోసుకువస్తుంది. పాటు నిదానంగా తీసేటప్పుడు ఆ ఒండ్రునంతా తీసుకుపోలేదు. పూర్వం పై నుంచి వచ్చే నది నీరు దాన్ని మళ్లీ సముద్రంలోకి నెట్టేది. ఆ నెట్టే నీరు సంవత్సరంలో చాలా నెలలు లేకపోయేసరికి బురద మేట వేస్తుంది, నది గర్భం ఎత్తు పెరుగుతుంది. దీని ఫలితం చేపలకే కాదు, నగరానికి కూడా ఉంది. 2006 ఆగస్టులో ఉకాయ్ నుంచి సుమారు 9 లక్షల క్యూసెక్కుల నీరు వదలవలసి వచ్చినప్పుడు సూరత్‌లో అధిక భాగం మునిగింది. ఉకాయ్ గేట్లను ముందే ఎత్తవలసింది అన్న వివాదం అప్పుడు బాగా నడిచింది. నది గొంతు ఎంత సన్నబడింది అన్న ప్రశ్న దాని వెనక పడిపోయింది.

గోడలు తీసినవారి అనుభవం

అమెరికాలో ఇప్పటివరకు 2 వేలకు పైగా ఆనకట్టలను తొలగించారు. ఈ సంఖ్య చూసి కంగారు పడకండి. వాటిలో ఎక్కువ భాగం మనిషి ఎత్తు, రెండు మనుషుల ఎత్తు ఉండే పాత మిల్లు కట్టలే. వాటి పని ఎప్పుడో అయిపోయింది. మరమ్మతు ఖర్చు మాత్రం మిగిలింది.

వీటిలో సూరత్ వారు తప్పక తెలుసుకోవలసినది ఎడ్వర్డ్స్ ఆనకట్ట. మెయిన్ రాష్ట్రంలో కెన్నెబెక్ నది మీద అగస్టా పట్టణంలో 1837లో దీన్ని కట్టారు. పక్కనే నూలు మిల్లు. మగ్గాలు తిప్పడానికి నది నీటిని వాడుకున్న ఊరు అది. మిల్లు కాలం ముగిశాక ఆ ఆనకట్ట 3.5 మెగావాట్ల విద్యుత్తు మాత్రమే ఇచ్చేది. అక్కడి చట్టం ప్రకారం జలవిద్యుత్ కేంద్రాలకు అనుమతి గడువు ఉంటుంది. గడువు తీరినప్పుడు మళ్లీ అడగాలి. 1997లో కేంద్ర విద్యుత్ నియంత్రణ సంఘం ఆ అనుమతి ఇవ్వలేదు. ఆనకట్ట వల్ల వచ్చే లాభం కంటే నదికి జరుగుతున్న నష్టమే ఎక్కువని తేల్చింది. యజమాని ఇష్టానికి విరుద్ధంగా ఆ సంఘం అలా తీర్పు చెప్పడం అదే మొదటిసారి. 1999 జూలై 1న ఆనకట్టకు గండి కొట్టారు. 27 కిలోమీటర్ల నది మళ్లీ తెరుచుకుంది.

అక్కడ పైకి ఎక్కిన చేపల్లో షాడ్, ఆల్‌వైఫ్ ముఖ్యమైనవి. ఇవి మన పులసకు దగ్గరి చుట్టాలు. ఇంగ్లీషులో పులసను భారతీయ షాడ్ అనడం అందుకే. 2008లో ఉపనది సెబాస్టికుక్ మీద ఉన్న ఫోర్ట్ హాలిఫాక్స్ ఆనకట్టను కూడా తీసేశారు. పైనున్న చెరువుల్లో తల్లిచేపలను తెచ్చి వదిలారు. తరువాతి సంవత్సరాల్లో ఆ ఉపనదిలోకి ఎక్కిన ఆల్‌వైఫ్ జాతి చేపలు కొన్నిసార్లు 20 లక్షలు దాటాయి. 160 ఏళ్లు దారి మూసి ఉన్నా, దారి తెరిస్తే చేప పది పదిహేనేళ్లలో తిరిగి వచ్చిందన్న మాట. కాని ఒకటి గుర్తుంచుకోవాలి. తిరిగి రావడానికి సముద్రంలో ఆ చేప ఇంకా మిగిలి ఉంది. అదీ లేకపోతే దారి తెరిచినా వచ్చేదెవరు?

పెద్ద ఆనకట్టల సంగతి వేరు. వాషింగ్టన్ రాష్ట్రంలోని ఎల్వా నది మీద రెండు ఉండేవి. వాటిలో గ్లైన్స్ కాన్యన్ ఆనకట్ట ఎత్తు 64 మీటర్లు. 1992లో చట్టం చేస్తే 2011లో పని మొదలై 2014లో ముగిసింది. చట్టానికి, గునపానికి మధ్య 19 ఏళ్లు పట్టిందంటే ఒక కారణం పూడిక. రెండు జలాశయాల్లో కలిపి సుమారు 2 కోట్ల ఘనపు మీటర్ల ఒండ్రు, ఇసుక పేరుకున్నాయి. అదంతా ఒక్కసారి వదిలితే దిగువ ఊళ్ల తాగునీరు పాడవుతుంది. అందుకని ముందు నీటి శుద్ధి కేంద్రాలు కట్టారు. ఆ తరువాత గోడను పొరలు పొరలుగా కోస్తూ, మధ్యమధ్య ఆగుతూ వచ్చారు. ఒండ్రు కిందికి దిగి, నది నోటి దగ్గర కోసుకుపోతున్న తీరం మళ్లీ ఇసుకతో నిండింది. అక్కడి లోవర్ ఎల్వా క్లాలమ్ ఆదివాసులు చేపల కోసం ఏళ్ల తరబడి అడుగుతూ వచ్చినది ఇదే.

క్లామత్ నది మీద నాలుగు ఆనకట్టలను 2023, 2024 సంవత్సరాల్లో తీసేశారు. 2024 అక్టోబరులో పని ముగిసిన కొద్ది రోజులకే సాల్మన్ చేపలు పైభాగంలో కనిపించాయి. ఫ్రాన్స్‌లో సెల్యూన్ నది, జపాన్‌లో కుమా నది మీద అరాసె ఆనకట్ట కూడా ఈ వరుసలోవే. అరాసె తొలగింపు 2018లో పూర్తయింది.

ఇక హెచ్చరిక. హడ్సన్ నది మీద ఫోర్ట్ ఎడ్వర్డ్ ఆనకట్టను 1973లో తొలగించారు. దాని వెనక ఏం పేరుకుందో ముందు సరిగా చూడలేదు. కర్మాగారాల నుంచి వచ్చిన పి.సి.బి. అనే విషరసాయనాలు ఆ బురదలో ఉన్నాయి. గోడ పోగానే అవి దిగువకు పాకాయి. ఆ నదిని శుభ్రం చెయ్యడానికి తరువాత దశాబ్దాలు పట్టింది. రంగుల అద్దకం మిల్లులున్న ఏ నగరమైనా, తన నదిలోని కట్టను కదిలించే ముందు ఈ కథ చదవాలి. బురదను ముందు ప్రయోగశాలకు పంపాలి, గునపం తరువాత.

మెట్లు కడితే సరిపోదా?

చాలామంది అడిగే ప్రశ్న ఇది. గోడ అలాగే ఉంచి, పక్కన చేపలకు మెట్ల దారి కడితే పోలేదా? మెట్ల దారి సాల్మన్ కోసం పుట్టింది. సాల్మన్ ఎగురుతుంది, ఒక తొట్టి నుంచి పై తొట్టిలోకి దూకుతుంది. పులస దూకదు. గుంపుగా, లోతు నీటిలో, ప్రవాహాన్ని పట్టుకుని ఈదుతుంది. ఇరుకు సందులోకి రావడానికి జంకుతుంది. తమిళనాడులో కొల్లిడం నది దిగువ ఆనకట్ట దగ్గర నూరేళ్ల కిందటే మెట్లు కట్టి చూశారు, పులస ఎక్కలేదు. 1934లో కావేరి మీద మెట్టూరు ఆనకట్ట వచ్చాక ఆ నదిలో ఈ చేపల వేట దెబ్బతిన్నది. గంగలో పూర్వం అలహాబాదు దాటి కూడా వెళ్లిన ఇలిష్, 1975లో ఫరక్కా వచ్చాక దాదాపు అక్కడే ఆగిపోయింది. ఫరక్కాలోని కొత్త నౌకా లాకు తలుపులను చేపలు ఎక్కే రుతువులో రాత్రివేళ కొంత ఎత్తి దారి ఇవ్వాలన్న పద్ధతిని 2019లో కేంద్రం ప్రకటించింది. మెట్లకంటే ఇది మంచి ఆలోచన అని నాకనిపిస్తుంది. ఎందుకంటే ఇది చేప నడతను బట్టి పుట్టింది, ఇంజనీరు సౌకర్యాన్ని బట్టి కాదు.

మన గోదావరిలోనూ ఇదే చిక్కు. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్టను కాటన్ పూర్తిచేశాడు. దాని స్థానంలో 1982 నాటికి వచ్చిన బ్యారేజీకి ఆయన పేరే పెట్టారు. పోలవరం స్పిల్‌వేలో చేపల కోసం ప్రత్యేకంగా దారి కట్టారు. మంచిదే. కాని పులస పోలవరం చేరాలంటే ముందు ధవళేశ్వరం దాటాలి. ధవళేశ్వరాన్ని తొలగించమని ఎవరైనా అడుగుతారా? డెల్టాలో లక్షల ఎకరాల వరి ఆ నీటి మీద పండుతోంది. ఆ మాట అన్నవారిని ఉభయ గోదావరి జిల్లాల్లో ఎవరూ గుమ్మం ఎక్కనివ్వరు. అలా చెయ్యడంలో తప్పు కూడా లేదు.

తాపీలో ఏది సాధ్యం?

ఇప్పుడు సూరత్‌కు తిరిగి వద్దాం. ఉకాయ్‌ని తీసెయ్యడం గురించి మాట్లాడడం వృథా. వరద రోజుల్లో నగరానికి అది కవచం, మిగతా రోజుల్లో నీటి కుండ. కాక్రాపార్ కూడా అంతే. తొలగించదగిన కట్ట అంటే పని అయిపోయినది, లేదా అది చేసే పనిని ఇంకో విధంగా చేసుకోగలిగినది. ఆ లెక్కన చూస్తే సింగణపోర్ ఒక్కటే చర్చకు నిలుస్తుంది. అదీ ఇవాళ కాదు. నగరం తాగే నీటిని తోడే బావులు దాని ఎగువనే ఉన్నాయి. వాటిని ముందు ఉప్పు సోకని చోటికి, ఇంకా పైకి మార్చాలి. మార్చకుండా గోడ తీస్తే మొదటి పెద్ద పోటుకే కుళాయిల్లో ఉప్పునీరు వస్తుంది.

అసలు వ్యవహారం ఇప్పుడు ఎదురు దిశలో నడుస్తోంది. కాజ్‌వేకి దిగువన, సముద్రం వైపు రూంఢ్, భాఠాల మధ్య కొత్త బ్యారేజీ పథకాన్ని సూరత్ నగరపాలక సంస్థ చేపట్టింది. పొరుగునే నర్మద మీద భాడ్‌భూత్ బ్యారేజీకి 2017 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. పులస వేటను నమ్ముకున్న భరూచ్ జాలర్లు దాన్ని వ్యతిరేకించారు. ఉప్పునీటిని ఆపాలన్న అవసరం రెండు చోట్లా నిజమే. నర్మదలో అయితే పై నుంచి వచ్చే నీరు తగ్గడం వల్లనే ఉప్పు అంత దూరం ఎక్కింది. జాలరి అభ్యంతరం కూడా అంతే నిజం. మందు ఒక రోగానికి వేస్తే ఇంకో రోగం వచ్చే పరిస్థితి ఇది.

కొత్తగా కట్టే బ్యారేజీకి ఒక సదుపాయం ఉంటుంది. అది గేట్లు. గేటు ఉన్న చోట అది ఎప్పుడు ఎత్తాలి, ఎంత ఎత్తాలి అన్నది నిర్ణయించుకోవచ్చు. జూలై నుంచి సెప్టెంబరు వరకు ఏ గేట్లు నిలువునా తెరుస్తారు? చలికాలం తరువాత పిల్లచేపలు దిగడానికి కొంత నీరు వదులుతారా? పక్కగా వాలు తక్కువగా ఉన్న మట్టి కాలువ ఒకటి తవ్వి, చేపలు చుట్టూ తిరిగి వెళ్లే ఏర్పాటు ఉందా? ప్రజాభిప్రాయ సేకరణ అని పేపర్లో ప్రకటన వచ్చినప్పుడు వెళ్లి అడగవలసిన ప్రశ్నలు ఇవి. నమూనా దశలో ఈ మార్పులు కాగితం మీద గీతలు. కాంక్రీటు పోశాక అవే కోట్ల రూపాయలు.

సింగణపోర్ విషయంలో కూడా చేతులు ముడుచుకు కూర్చోనక్కర లేదు. వానకాలంలో నీటిమట్టం 6 మీటర్లు దాటితే కాజ్‌వే మీద రాకపోకలు ఆపేస్తారు. ఆ రోజుల్లో నది గోడ మీదుగా పారుతుంది. దిగువన కూడా వరద పెరిగి, అదే సమయంలో అమావాస్య లేదా పౌర్ణమి పోటు కలిస్తే రెండు వైపుల మట్టాల మధ్య తేడా బాగా తగ్గుతుంది. తేడా తగ్గినకొద్దీ గోడ నీటి కింద మునిగిన గట్టు మాత్రమే అవుతుంది, ఈదే చేపకు అది దాటరానిది కాదు. ఉకాయ్ నుంచి నీరు వదలడం ఎలాగూ తప్పని రోజుల్లో, నగరానికి ముప్పు లేని మేరకు, ఆ వదలడాన్ని పెద్ద పోటు తిథులతో కలపగలమా అన్నది లెక్క వేసి చూడదగిన విషయం. పంచాంగం, పోటుపాట్ల పట్టిక, ఉకాయ్ నీటిమట్టం ఉంటే ఆ లెక్క మొదలుపెట్టవచ్చు. లెక్క నిజమో కాదో తేలాలంటే వరద తీసిన మరునాడు కాజ్‌వేకి ఎగువన వల వేసి, చాక్సీ పడిందో లేదో చూడాలి. దానికి ఒక పడవ, ఇద్దరు జాలర్లు, రాసుకోవడానికి ఒక పుస్తకం ఉంటే చాలు. ఆ పని వచ్చే ఆషాఢంలోనే మొదలుపెట్టవచ్చు.